లేత పసుపు ఉప్పు

మెకెలె ఆసుపత్రి, తొమ్మిదో మంచం.
అబ్రెహెత్ తన బిడ్డను బోర్లాయే పడుకోబెడుతుంది.
వీపు మీద, నడుముకి కాస్త పైన,
తడి గాజుగుడ్డ కింద
మూతపడని ఎర్రటి తెరుపు.
పేరింకా లేదు. ఆడపిల్లకి ఎనభయ్యో రోజున కదా పేరు.

"నేనేం చేశాను?" అంటుంది.
నాతో కాదు, గోడతో.

దిష్టి అంది అత్త.
కడుపుతో ఉండి నీళ్ళ డబ్బాలు మోసినందుకే అంది
పక్క మంచం ఆమె.
చర్చి గురువు వచ్చి నీళ్ళు చిలకరించి
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.
ఆ ఏమీ అనకపోవడం నాకు నచ్చింది.

ఇరవై రెండేళ్ళుగా నర్సుని.
పుస్తకంలో ఒక బొమ్మ ఉంది, బాణాలతో.
దాన్ని చూసి ఏడ్చినవాళ్ళున్నారు గానీ
అర్థమయిందన్నవాళ్ళు లేరు.
ఆ మధ్యాహ్నం ఆమెకొచ్చిన బుట్టలోంచి
ఒక ఇంజెరా తీసి పళ్ళెంలో పరిచాను.

"చూడు, మొదట ఇట్లాగే ఉంటుంది.
బల్లపరుపుగా, పలచగా,
నువ్వుగింజంత కూడా లేని బిడ్డలో.
తర్వాత రెండంచులూ లేస్తాయి,
ఒకదాని వైపు ఒకటి వంగుతాయి,
నడుమ కలుసుకుని
అటు తల దాకా, ఇటు తోక దాకా
మూసుకుంటూ పోతాయి.
ఆ గొట్టమే రేపటి మెదడు. ఆ గొట్టమే వెన్నుపాము."

చుట్టాను.
కింది కొసన రెండు వేళ్ళ మేర అంటుకోలేదు.
ఆమె అక్కడే చూస్తోంది.

"ఎప్పుడు?"
"కడుపున పడ్డ ఇరవై ఎనిమిదో రోజుకల్లా.
మూసుకున్నా, మూసుకోకపోయినా
అప్పటికి అయిపోతుంది.
నెల తప్పిందో లేదో నీకే తేలని రోజులవి."

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.
"అప్పుడు శనగ పీకుతున్నాం," అంది.
కాసేపాగి,
"పాట కూడా పాడాను."

ఫోలిక్ యాసిడ్ గురించి చెప్పాను.
జిగురు కాదది,
ఆ అంచుల్ని కుట్టే కూలీల తిండి.
అది చాలితే చాలాసార్లు కుట్టు పడుతుంది.
చాలినా ఒక్కోసారి పడదు. ఎందుకో మాకూ తెలియదు.
ఆ మాత్ర మేమిచ్చేది
పొట్ట కనిపించాక.
చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే,
ఆకుకూరల్లో ఉండే విటమినే మరి.

మూడో రోజున వీపు కుట్టారు.
నెల తర్వాత తలలో నీరు దిగడానికి
సన్నటి గొట్టం వేశారు.
మోకాళ్ళ కింద కాళ్ళు కదల్లేదు. కదలవు.
అదీ చెప్పాను. నేనే చెప్పాను.

ఇంజెరా చుట్టని ఆమె తినలేదు, పారెయ్యలేదు.
మంచం దులుపుతుంటే తలగడ కింద దొరికింది,
ఎండి, విచ్చుకుని.

*

టెఫ్ పిండి ఎవరి వీధి మరలో వాళ్ళు ఆడించుకుంటారు,
అందులో మనం ఏదీ కలపలేం.
ఉప్పు మాత్రం అఫార్ పల్లం నుంచి
అన్ని కుండలకీ వస్తుంది.
అందుకని ఉప్పులో కలిపి చూశారు, కిందటేడు.
లేత పసుపుకి తిరిగింది.
మురిగిందని సంతలో ఆడవాళ్ళు
కొన్నవాడికే తిరిగిచ్చేశారు.

రెండేళ్ళ తర్వాత అబ్రెహెత్ వచ్చింది,
వీపున పిల్ల, చేతిలో ప్లాస్టిక్ సంచి.
సంచిలో ఆ ఉప్పే.
"ఎవరూ కొనక సగం ధరకే ఇచ్చాడు.
మా వీధిలో కొత్త కోడళ్ళు నలుగురు,
తలా ఒక డబ్బా పోశాను."
ఏమని చెప్పావని అడిగాను.
"మెస్కెల్ పువ్వు రంగని చెప్పాను.
నిజం చెబితే భయపడి పారబోస్తారు."

పిల్ల పేరు లెమ్లెమ్. మా మాటలో పచ్చదనం.
నా బల్ల మీద దించగానే
మోచేతుల మీద తిరిగి బోర్లా పడుకుంది.
సంచిలోకి వేలు పెట్టి,
నాకి,
మొహం చిట్లించి,
మళ్ళీ పెట్టింది.